బోర్డ్ అంటే చెక్కా, భోజనమా, పాలకమండలా? ఒక్క ఇంగ్లిష్ మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి

బోర్డింగ్ పాస్, బోర్డింగ్ స్కూల్, బోర్డ్ ఆఫ్ డైరెక్టర్స్, బ్లాక్‌బోర్డ్. ఈ నాలుగింటిలో ఉన్న బోర్డ్ ఒకే మాటా, లేక స్పెల్లింగ్ మాత్రమే కలిసిన వేర్వేరు మాటలా అన్నది మీ ప్రశ్న. విసుగొచ్చిందని చెప్పడానికి వాడే 'బోర్డ్' కూడా ఈ కుటుంబంలోదేనా అని చివర్లో అడిగారు. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు పనిలోనూ, అనువాదాలు సరిచూసే పనిలోనూ చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ మాట నా బల్ల మీదికి తరచూ వస్తూనే ఉంటుంది కాబట్టి కాస్త విపులంగానే రాస్తాను.

ముందు జవాబు. నాలుగూ ఒక కుటుంబమే. విసుగు 'బోర్డ్' మాత్రం పరాయిది. కుటుంబం ఒకటే అయినా దానికి వేళ్లు రెండు. ఒక వేరు అర్థం చెక్క పలక. ఇంకో వేరు అర్థం అంచు, ముఖ్యంగా ఓడ పక్కభాగం. పలక నుంచి బల్ల వచ్చింది. బల్ల నుంచి ఒకవైపు దాని మీద వడ్డించే భోజనం, ఇంకోవైపు దాని చుట్టూ కూర్చుని నిర్ణయాలు చేసే మనుషులు వచ్చారు. ఓడ పక్క నుంచి ఓడ ఎక్కడం, తర్వాత రైలెక్కడం, విమానమెక్కడం వచ్చాయి. అంటే బ్లాక్‌బోర్డ్‌ది పలక అర్థం, బోర్డింగ్ స్కూల్‌ది భోజనం, డైరెక్టర్ల బోర్డ్‌ది బల్ల చుట్టూ ఉన్న మనుషులు, బోర్డింగ్ పాస్‌ది ఓడ.

ఇక వివరాలు.

పాత ఇంగ్లిష్‌లో, అంటే సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో, ఈ మాట 'బోర్డ్' అనే ఉండేది. స్పెల్లింగ్‌లో ఇప్పుడున్న 'ఏ' అక్షరం అప్పుడు లేదు. తర్వాతి కాలంలో అచ్చు దీర్ఘమయ్యాక అది వచ్చి చేరింది. పలక అనే అర్థానికి బంధువులు జర్మానిక్ భాషలన్నిటా, అంటే ఇంగ్లిష్, జర్మన్, స్వీడిష్ లాంటివి ఉన్న భాషాకుటుంబమంతా ఉన్నారు. నాలుగో శతాబ్దంలో గోతిక్ భాషలోకి అనువదించిన బైబిల్‌లో కాళ్లు పెట్టుకునే పీటకు 'ఫోటు-బౌర్డ్' అనే మాట ఉంది, అంటే పాదాల పలక. ఇప్పటి జర్మన్‌లో పలకను 'బ్రెట్' అంటారు, అదీ దగ్గరి చుట్టమే. నార్వేజియన్, స్వీడిష్ భాషల్లో 'బూర్' అని పలికే మాటకు ఈనాటికీ బల్ల అనే అర్థం. హోటళ్లలో వినే 'స్మోర్గాస్‌బోర్డ్' స్వీడిష్ నుంచి వచ్చింది. దాని చివరి ముక్క ఈ బల్లే.

అంచు, ఓడ పక్క అనే రెండో అర్థానికి కూడా పాత ఇంగ్లిష్‌లో రూపం 'బోర్డ్' అనే ఉండేది. ఈ రెండూ ఆదిలో ఒకే ధాతువు నుంచి చీలాయా, లేక వేరువేరుగా పుట్టి రూపం కలిసిపోయిందా అన్నదాంట్లో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అందుకే కొన్ని నిఘంటువులు ఒకే ఆరోపం, అంటే అర్థాలు ఇచ్చే శీర్షిక మాట కింద అన్నీ ఇస్తాయి, కొన్ని రెండు ఆరోపాలుగా విడదీస్తాయి. వాడుకలో మాత్రం అవి ఎప్పుడో కలిసిపోయాయి. ఓడ పక్కలు తయారయ్యేదీ పలకలతోనే కాబట్టి మాట్లాడేవాళ్లకు రెండూ వేరని అనిపించే అవకాశమే లేదు.

పాత కవిత్వంలో ఇంకో అర్థం కూడా ఉంది: డాలు. డాళ్లను చెక్క పలకలతో చేసేవారు కదా. 937లో జరిగిన బ్రూనన్‌బర్ యుద్ధం మీద రాసిన పాత ఇంగ్లిష్ పద్యంలో, సైనికులు డాళ్లు ఆనించి నిలబెట్టిన వరసను 'పలకల గోడ' అన్నారు. అందులో పలక అనే ముక్క బోర్డే. ఈ అర్థం తర్వాత అంతరించింది. మాటల చరిత్ర చదివేటప్పుడు ఇలా ఎండిపోయిన కొమ్మలను కూడా చూడమని నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు చెబుతుంటాను. ఒక వస్తువును దేనితో చేశారో ఆ పేరే వస్తువుకు పెట్టడం ఈ మాటకు మొదటి నుంచీ అలవాటని దానివల్ల తెలుస్తుంది.

పలక బల్ల ఎలా అయింది?

మనకు ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది. తెలుగులో బల్ల అంటే చెక్క పలకా అవుతుంది, రాసుకునే బల్లా అవుతుంది, కూర్చునే బల్లా అవుతుంది. ఒకే మాటతో మనం ఇబ్బంది లేకుండా నెట్టుకొస్తున్నాం. ఇంగ్లిష్ వాళ్లూ ఒకప్పుడు అంతే.

పైగా అక్కడ అది మాటవరసకు కాదు, వస్తువు నిజంగానే అలా ఉండేది. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో పెద్ద ఇళ్ల హాల్లో భోజనాల బల్ల అంటే, విడిగా ఉండే కాళ్ల చట్రాల మీద పరిచిన పొడవాటి పలకలు. వేళకు చట్రాలు నిలబెట్టి, పలకలు పరిచి, పైన గుడ్డ వేసేవారు. తినడం అయ్యాక పలకలు ఎత్తి గోడకు చేరేసేవారు. అదే హాల్లో రాత్రి పడకలు, పగలు పంచాయతీలు. పలకకూ బల్లకూ మధ్య తేడా కాళ్లు తగిలించడం మాత్రమే.

దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్ కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల ఉపోద్ఘాతంలో ఉంది. ఫ్రాంక్లిన్ అనే భూస్వామి ఎంత దిట్టంగా తినే మనిషో చెబుతూ, అతని హాల్లో బల్ల రోజంతా పరిచి సిద్ధంగా ఉండేదంటాడు చాసర్. అక్కడ అతను వాడిన మాటకు 'కదలని బల్ల' అని అర్థం. బల్ల ఎత్తేయకుండా ఉంచడం అంత విశేషమన్నమాట, లేకపోతే కవి దాన్ని ప్రత్యేకించి చెప్పే పనే లేదు. అదే ఉపోద్ఘాతంలో ఇంకో సంగతి చూడండి. యోధుణ్ణి వర్ణిస్తూ అతను విందుల్లో అగ్రస్థానంలో కూర్చునేవాడని చెప్పేటప్పుడు చాసర్ 'బోర్డ్' అని రాశాడు. కాసేపటికి ఆ యోధుడి కొడుకు గురించి చెబుతూ, తండ్రి ముందు నిలబడి మాంసం కోసి వడ్డించేవాడనే చోట 'టేబుల్' అన్నాడు. తండ్రికి పాత ఇంగ్లిష్ మాట, కొడుక్కు ఫ్రెంచి మాట. చాసర్ పనిగట్టుకుని అలా పంచాడని నేననను. ఆ రోజుల్లో రెండు మాటలూ పక్కపక్కన బతికాయనడానికి మాత్రం ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి మాటలు వెల్లువలా వచ్చిపడ్డాయి. వాటితోపాటు వచ్చిన 'టేబుల్' క్రమంగా బల్లకు మామూలు పేరైపోయింది. ఆ టేబుల్ పుట్టుపూర్వోత్తరాలు తీస్తే లాటిన్‌లో 'టాబ్యులా', దాని అర్థమూ పలకే! అంటే ఒక పలక వచ్చి ఇంకో పలకను బల్ల ఉద్యోగంలోంచి తప్పించింది. బోర్డ్ చరిత్రలో కీలకం ఇక్కడే ఉంది. బల్ల అనే అర్థం పోయింది, కానీ అంతకుముందే బల్ల నుంచి పుట్టిన అర్థాలు పోలేదు. మధ్యలో ఉన్న మెట్టు కూలిపోవడంతో పైనా కిందా ఉన్నవి ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనబడుతున్నాయి. మీకు నాలుగు వేరు మాటలేమోనన్న అనుమానం రావడానికి కారణం అదే.

బల్ల నుంచి భోజనం

బల్ల మీద పెట్టేది తిండి. కాబట్టి 14వ శతాబ్దం నాటికే బోర్డ్ అంటే రోజూ పెట్టే భోజనం అనే అర్థం స్థిరపడింది. డబ్బు తీసుకుని తిండి పెట్టి ఇంట్లో ఉండనిస్తే అక్కడ ఉండేవాడు బోర్డర్, ఆ ఇల్లు బోర్డింగ్ హౌస్. పిల్లలకు చదువుతోపాటు తిండీ బసా కూడా చూసుకునేది బోర్డింగ్ స్కూల్, ఈ మాట 17వ శతాబ్దం నుంచి ఉంది. యజమానులు ఊళ్లో లేనప్పుడు ఇంటి పనివాళ్లకు భోజనానికి బదులు ఇచ్చే డబ్బును 'బోర్డ్ వేజెస్' అనేవారు. పాత ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్లకు ఇది తగులుతుంది. అక్కడ బోర్డ్ అంటే కమిటీ నిర్ణయించిన జీతం అనుకుంటే కథ తలకిందులవుతుంది.

చట్టంలో కూడా ఈ అర్థం చాలాకాలం నిలబడింది. పూర్వం ఇంగ్లండ్‌లో చర్చి కోర్టులు వివాహబంధం తెంచకుండా భార్యాభర్తలను వేరుగా ఉండనిచ్చే తీర్పు ఒకటి ఇచ్చేవి. లాటిన్‌లో దాని పేరు 'ఆ మెన్సా ఎట్ థోరో', అంటే బల్ల నుంచీ పడక నుంచీ అని. ఇంగ్లిష్‌లో దాన్ని వరస మార్చి 'ఫ్రమ్ బెడ్ అండ్ బోర్డ్' అన్నారు. కలిసి తినడం, కలిసి పడుకోవడం, రెండూ ఆగిపోతాయని భావం. 1857 నాటి వివాహ చట్టం ఈ తీర్పు స్థానంలో జ్యుడీషియల్ సెపరేషన్ అనే దాన్ని తెచ్చింది. నేను సరిచూసిన ఒక అనువాదంలో ఈ 'బెడ్ అండ్ బోర్డ్'ను 'మంచం, చెక్క' అని రాశారు. మంచం దగ్గర చెక్క ఎందుకుందో ఎవరికీ అర్థం కాలేదు. 'ఒకే కంచం, ఒకే మంచం' అని మనకు చక్కటి నుడికారం ఉంది. ఇంగ్లిష్‌లో ఉన్న రెండు వస్తువులనూ అది దాదాపు యథాతథంగా పట్టుకుంటుంది. అదే సూచించాను.

బల్ల నుంచి మనుషులు

ఇక పాలకమండలి. 16వ శతాబ్దంలో, సమావేశం జరిగే బల్ల పేరుతోనే అక్కడ కూర్చునే సభ్యులను పిలవడం మొదలైంది. 1696లో ఇంగ్లండ్‌లో మూడో విలియం రాజు కాలంలో ఏర్పడ్డ వాణిజ్య మండలికి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే పేరు స్థిరపడింది. నౌకాదళ వ్యవహారాలు చూసిన బోర్డ్ ఆఫ్ అడ్మిరాల్టీ కూడా ఈ కోవలోదే. కంపెనీలు పెరిగాక డైరెక్టర్ల సభ బోర్డ్ అయింది, వాళ్లు కూర్చునే గది బోర్డ్‌రూమ్ అయింది.

వస్తువు పేరు మనిషికి ఎలా వస్తుందని ఆశ్చర్యపోనక్కర్లేదు. మన ఆలంకారికులు లక్షణావృత్తి గురించి చెప్పేటప్పుడు 'మంచాః క్రోశన్తి' అనే ఉదాహరణ ఇస్తారు. మంచెలు అరుస్తున్నాయని మాట, మంచెల మీదున్న మనుషులు అరుస్తున్నారని అర్థం. బోర్డ్ నిర్ణయించింది అంటే కూడా అదే. ఇంగ్లిష్‌లో ఈ దారి నడిచిన సామాను ఇంకా చాలా ఉంది. కోర్టులో బెంచ్ అంటే న్యాయమూర్తులు. సభలో చైర్ అంటే అధ్యక్షుడు. బ్యూరో అంటే మొదట్లో బల్ల మీద పరిచే ముతక గుడ్డ, తర్వాత ఆ బల్ల, తర్వాత ఆ కార్యాలయం. కేబినెట్ అంటే చిన్న గది, అందులో రాజుతో రహస్యంగా మాట్లాడే మంత్రులు. ఈ నాలుగింటినీ పక్కన పెట్టుకుని చూస్తే బోర్డ్ ఒంటరి వింత కాదని తెలుస్తుంది.

ఈ బల్లకు సంబంధించినదే 'అబవ్ బోర్డ్' అనే నుడికారం, దాపరికం లేకుండా అని అర్థం. బోర్డ్ అంటే పాలకమండలి అనుకుని 'పాలకమండలికి అతీతంగా' అని అనువదించినవాళ్లను చూశాను. అర్థం సరిగ్గా తిరగబడింది. ఇది 17వ శతాబ్దం మొదటి నాటి మాట, పేకాట నుంచి వచ్చింది. 1755లో వచ్చిన తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దీన్ని వివరిస్తూ, ఆటగాళ్లు చేతులు బల్ల కిందికి పోనిచ్చారంటే ముక్కలు మారుస్తున్నారన్నమాట అని రాశాడు. చేతులు బల్ల పైన ఉంటే ఆట నిజాయితీగా ఉన్నట్టు. 'స్వీప్ ద బోర్డ్' కూడా ఇక్కడిదే. బల్ల మీద ఒడ్డిన డబ్బంతా ఊడ్చేసుకోవడం, అందులోంచి అన్ని బహుమతులూ తనే గెలుచుకోవడం.

ఓడ పక్క

నాకు ఈ మాటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

ఆన్ బోర్డ్, అబోర్డ్, ఓవర్‌బోర్డ్, స్టార్‌బోర్డ్. వీటిలో బోర్డ్ అంటే ఓడ పక్క, ఓడ అంచు. ఓవర్‌బోర్డ్ అంటే అంచు దాటి నీళ్లలోకి. ఆన్ బోర్డ్ అంటే అంచుకు లోపల, ఓడ మీద. 'ఈస్టర్న్ సీబోర్డ్' అని తూర్పు తీరాన్ని అంటారే, అందులోనూ బోర్డ్ అంటే అంచే. అక్కడ పలక అని అర్థం చెప్పాలని ఎంత ప్రయత్నించినా కుదరదు. రెండో వేరు విడిగా ఉందనడానికి సీబోర్డ్ మంచి గుర్తు.

స్టార్‌బోర్డ్ అంటే ఓడకు కుడి పక్క. దీన్ని నక్షత్రంతో ముడిపెట్టి, నావికులు రాత్రి చుక్కలు చూసేది ఆ పక్క నుంచని చెప్పేవాళ్లున్నారు. అది సరికాదు. పాత ఇంగ్లిష్‌లో ఈ మాట 'స్టేయోర్‌బోర్డ్'. మొదటి భాగం ఓడ నడపడం అనే మాట, ఇప్పటి స్టీరింగ్‌కు చుట్టం. ఉత్తర ఐరోపాలో ఓడ వెనక మధ్యలో అమర్చే చుక్కాని రాకముందు, వెనక భాగాన కుడి పక్కకు కట్టిన పెద్ద తెడ్డుతో ఓడను తిప్పేవారు. నార్వేలో 1880లో తవ్వి తీసిన, వైకింగుల కాలం నాటి గోక్‌స్టాడ్ ఓడలోనూ, 1904లో తవ్వకం మొదలుపెట్టిన ఓసెబర్గ్ ఓడలోనూ ఆ తెడ్డు కుడి పక్కనే ఉంది. మనుషుల్లో ఎక్కువమందిది కుడిచేతివాటం కావడం వల్ల ఆ పక్క ఎంచుకున్నారు. మాట చరిత్రకు వస్తురూపంలో ఇంత సూటిగా సాక్ష్యం దొరకడం అరుదు. ఆ ఓడల ఫొటోలు వెతికి చూడండి, స్టార్‌బోర్డ్ ఎందుకు స్టార్‌బోర్డ్ అయిందో తెడ్డు కట్టిన చోటు చూడగానే తెలుస్తుంది.

ఎడమ పక్క కథ ఇంకా బాగుంటుంది. పాత ఇంగ్లిష్‌లో దాన్ని 'బ్యాక్‌బోర్డ్' లాంటి మాటతో పిలిచేవారు. కుడి పక్క తెడ్డు పట్టుకుని నిలబడ్డవాడి వీపు ఎడమ పక్కకు తిరిగి ఉంటుంది కదా, వీపు వైపు పక్క అన్నమాట. జర్మన్‌లో ఈనాటికీ 'బాక్‌బోర్ట్' అనే అంటారు. ఫ్రెంచిలో ఎడమకు 'బాబోర్', కుడికి 'ట్రిబోర్' అంటారు, రెండూ ఈ జర్మానిక్ మాటలు అరిగిపోయిన రూపాలే. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ పాత మాట పోయి మధ్యయుగాల్లో లార్‌బోర్డ్ వచ్చింది. అది సరుకు ఎక్కించే పక్క అనే అర్థంలో పుట్టి, స్టార్‌బోర్డ్ అనే మాట ప్రభావంతో ఆ రూపానికి వచ్చి ఉంటుందని అంటారు. తెడ్డున్న పక్కను రేవు గోడకు ఆనిస్తే తెడ్డు విరుగుతుంది, కాబట్టి ఎడమ పక్కనే రేవుకు చేర్చి సరుకు దించేవారు.

స్టార్‌బోర్డ్, లార్‌బోర్డ్. గాలివానలో, అలల హోరులో ఒకడు అరిచి చెబితే ఇంకొకడు వినాలి. రెండూ ఒకేలా వినబడతాయి, పొరపాటు పడితే ఓడ తప్పుదారి పడుతుంది. అందుకని 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్‌కు బదులు పోర్ట్ అనాలని ఆదేశమిచ్చింది. 1846లో అమెరికన్ నౌకాదళం కూడా అదే చేసింది. పోర్ట్ అనే మాట అప్పటికే వాడుకలో ఉంది, ఆదేశం దాన్ని ఖాయం చేసింది. ప్రభుత్వం ఆర్డరిచ్చి ఒక మాటను తీసేయడం, అది నిజంగానే పోవడం భాషాచరిత్రలో తక్కువ. ఇక్కడ అవసరం అంత గట్టిది.

విమానాలు వచ్చాక ఓడల భాష చాలావరకు వాటికి బదిలీ అయింది. కెప్టెన్, క్రూ, కేబిన్, డెక్, అన్నీ ఓడ మాటలే. విమానం ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం ఉంటాయి, ఓడకు ఉన్నట్టే. కాబట్టి విమానమెక్కే చీటీకి బోర్డింగ్ పాస్ అని పేరు రావడంలో విశేషం లేదు. అంతకుముందే అమెరికాలో రైళ్ల దగ్గర 'ఆల్ అబోర్డ్' అని అరిచేవారు.

ఓడను 'బోర్డ్ చేయడం' అనే క్రియ మొదట్లో ఇంత శాంతంగా ఉండేది కాదు. శత్రువు ఓడ పక్కకు తన ఓడను చేర్చి, మీదికి దూకి పట్టుకోవడమనే యుద్ధపు అర్థం 15వ శతాబ్దం నుంచి ఉంది. పాత నౌకాయుద్ధాల కథల్లో బోర్డింగ్ పార్టీ అంటే విందు కాదు, కత్తులతో దూకే దళం.

ఇంకొకటి, అనువాదకులు తరచూ తడబడేది: 'గో బై ద బోర్డ్'. ఓడ స్తంభం విరిగి అంచు మీదుగా సముద్రంలో పడిపోవడం అసలు దృశ్యం. ఒక పథకం 'వెంట్ బై ద బోర్డ్' అంటే అది అటకెక్కిందని, వదిలేశారని. దీన్ని 'బోర్డు ఆమోదించింది' అని రాసిన అనువాదం ఒకటి నా దగ్గరకు వచ్చింది. ఇలాంటి చోట పలకా, ఓడ పక్కా అని ఒక్క ప్రశ్న వేసుకుంటే దారి దొరుకుతుంది.

సమాసాల సంగతి

బోర్డ్ చేరిన సమాసాలు లెక్కకు మిక్కిలి. చాలావాటికి వివరణ అక్కర్లేదు: చెస్‌బోర్డ్, సర్ఫ్‌బోర్డ్, స్కేట్‌బోర్డ్, అన్నీ పలకలే. కీబోర్డ్ పియానో మెట్లున్న పలక, అక్కడి నుంచి టైప్‌రైటర్‌కు, కంప్యూటర్‌కు వచ్చింది. చర్చించదగ్గవి రెండు.

కబోర్డ్ ఇప్పుడు తలుపులున్న అలమర. 14వ శతాబ్దంలో అది అక్షరాలా కప్పుల బోర్డ్, అంటే గిన్నెలూ కప్పులూ వరసగా పెట్టి చూపించే బల్ల. తలుపులు, అరలు తర్వాత వచ్చాయి. పలకడంలో 'ప' శబ్దం ఎప్పుడో జారిపోయింది, స్పెల్లింగ్‌లో మాత్రం కప్పు అలాగే ఉండిపోయింది.

డ్యాష్‌బోర్డ్ ఇంకా దూరం వచ్చింది. గుర్రబ్బండి ముందు భాగాన, నడిపేవాడి కాళ్లకు అడ్డంగా ఒక పలక ఉండేది. గుర్రం పరిగెత్తేటప్పుడు గిట్టల నుంచి బురద, రాళ్లు ఎగిరి మీద పడకుండా కాపాడటం దాని పని. 'డ్యాష్' అంటే ఇక్కడ వేగం కాదు, చిమ్మడం. మోటారు కారు వచ్చాక అదే చోట ఇంజిన్‌కూ మనిషికీ మధ్య ఉన్న పలక మీద మీటర్లు బిగించారు. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద లెక్కలన్నీ ఒకచోట చూపించే పేజీ డ్యాష్‌బోర్డ్. బురద పోయింది, పలక కూడా పోయింది.

ఫ్రెంచి చుట్టాలు

జర్మానిక్ తెగ అయిన ఫ్రాంకుల నుంచి ఈ మాట ఫ్రెంచిలోకీ పోయింది. అక్కడ 'బోర్' అంటే అంచు. దాని నుంచి పుట్టినదే ఇంగ్లిష్‌లోకి వచ్చిన బోర్డర్, అంటే సరిహద్దు, చీర అంచుకు మనం వాడే ఆ బోర్డరే. కాబట్టి హాస్టల్లో ఉండే బోర్డర్, దేశాల మధ్య ఉండే బోర్డర్ దూరపు చుట్టాలు, స్పెల్లింగ్ మాత్రం వేరు. పలకలతో కట్టిన గుడిసెను పాత ఫ్రెంచిలో 'బోర్ద్' అనేవారు. వేశ్యాగృహానికి వాడే 'బోర్డెల్లో' దాని సంతానమే, ఇటాలియన్ మీదుగా వచ్చింది. అదే అర్థమున్న 'బ్రోథెల్' మాత్రం వేరే పాత ఇంగ్లిష్ మూలం నుంచి వచ్చిన మాట. మొదట్లో దానికి పనికిమాలిన మనిషి అని అర్థం, ఆ తర్వాత బోర్డెల్‌తో కలగాపులగమై అర్థం మారింది.

నమ్మకూడని కథలు

బోర్డ్ చుట్టూ కట్టుకథలూ ఉన్నాయి. 'ఇంట్లో ఒకే కుర్చీ ఉండేది, ఇంటి పెద్ద దాంట్లో కూర్చుని బల్ల దగ్గర అధ్యక్షత వహించేవాడు, అందుకే చైర్‌మన్ ఆఫ్ ద బోర్డ్' అనేది వాటిలో ఒకటి. వినడానికి బాగుంటుంది. అయితే చైర్ అంటే అధికారపీఠం అనే అర్థం బిషప్పుల ఆసనాల నుంచి, విశ్వవిద్యాలయ పీఠాల నుంచి చాలా ముందే వచ్చింది. కథీడ్రల్, అంటే బిషప్పు ఉండే ప్రధాన చర్చి, అనే మాటలో ఉన్నది కూడా ఆ ఆసనమే. రెండు మాటలూ వేర్వేరు దారుల్లో వచ్చి సభాగదిలో కలిశాయి.

ఇంకొకటి 'పోష్', అంటే దర్జా అయిన, అనే మాట గురించి. ఇంగ్లండ్ నుంచి భారతదేశానికి వెళ్లే ఓడల్లో నీడపట్టు గదుల కోసం డబ్బున్నవాళ్లు వెళ్లేటప్పుడు పోర్ట్ పక్క, వచ్చేటప్పుడు స్టార్‌బోర్డ్ పక్క తీసుకునేవారని, 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అనే ఆ నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే పోష్ అయ్యాయని చెబుతారు. అలా ముద్రించిన టికెట్ ఒక్కటి కూడా ఇంతవరకు బయటపడలేదు. మొదటి అక్షరాలు కలిపి పాత మాట పుట్టిందని ఎవరైనా చెబితే ముందు అనుమానించండి. అలాంటి మాటలు 20వ శతాబ్దానికి ముందు చాలా తక్కువ.

కథ అందంగా ఉంటే చాలదు. ఆ మాట ఆ అర్థంలో మొదట ఎప్పుడు రాతలో కనబడిందో చూడాలి. 'బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్', అంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం, అనే నుడికారం శతాబ్దాల నాటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది 1941లో న్యూయార్కర్ పత్రికలో పీటర్ ఆర్నో వేసిన కార్టూన్‌తో ప్రచారంలోకి వచ్చింది. కూలిపోయిన విమానం దగ్గర నుంచి, చంకలో కాగితాల చుట్టతో నడిచొస్తున్న ఇంజినీరు నోటి మాట అది.

విసుగు 'బోర్డ్'

ఉచ్చారణ ఒకటే, పుట్టుక వేరు. రంధ్రం తొలచడం అనే అర్థమున్న 'బోర్' పాత ఇంగ్లిష్ క్రియ, బోరుబావి అందులోంచే. విసుగు పుట్టించడం అనే 'బోర్' 18వ శతాబ్దంలో హఠాత్తుగా కనబడుతుంది. మనసును తొలిచేయడం నుంచి వచ్చిందని చెప్పడం తేలికే గానీ, దాని మూలం ఇప్పటికీ తేలలేదని మంచి నిఘంటువులు రాస్తాయి. పలకకూ దానికీ ఏ సంబంధమూ లేదు. 'బ్రాడ్', అంటే వెడల్పు అనే మాటను కూడా కొందరు పలకతో ముడిపెడతారు. అక్షరాలు అటూఇటూ అయినట్టు కనిపించినా అదీ వేరే మాటే.

తెలుగులో మనం బోర్డు అని ఉకారం చేర్చుకుని సొంతం చేసుకున్న దానికి ప్రధానంగా రెండు అర్థాలే వచ్చాయి: పేరు రాసి తగిలించే పలక, పాలకమండలి. కంపెనీ 'బోర్డు తిప్పేసింది' అంటే డబ్బులెగ్గొట్టి మూసేసి పోయిందని మనందరికీ తెలుసు, అక్కడ తిప్పింది పేరున్న పలకను. భోజనం అర్థం బోర్డింగ్ అనే రూపంలో తప్ప విడిగా రాలేదు, ఓడ పక్క అర్థం అసలే రాలేదు. ఇంగ్లిష్ చదివేటప్పుడు మనకు అలవాటైన రెండు అర్థాలే ముందు తోస్తాయి. పైన చెప్పిన అనువాదాలు తప్పింది అక్కడే.

మీరు వ్యాఖ్యల్లో ఇంకొకరికి జవాబిస్తూ, బోర్డ్ తర్వాత క్రియ ఏకవచనంలో ఉండాలా, బహువచనంలో ఉండాలా అని కూడా అడిగారు. అమెరికన్ ఇంగ్లిష్‌లో దాదాపు ఎప్పుడూ ఏకవచనమే. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో మండలి మొత్తాన్ని ఒక సంస్థగా చూస్తే ఏకవచనం, సభ్యులు తమలో తాము వాదించుకుంటున్నారనో విడిపోయారనో చెప్పేటప్పుడు బహువచనం వాడతారు. రెండూ సరే, ఒకే పత్రంలో మాత్రం ఒకటే పద్ధతి పాటించండి.